మొసలి ఏ కుటుంబానిది? మూతిని పక్కనబెట్టి తేల్చే పద్ధతి

మొసళ్ల క్రమం పేరు క్రోకడైలియా. ఇందులో ఇప్పుడు బతికి ఉన్నవి మూడు కుటుంబాలు, 9 ప్రజాతులు, 26 లేదా 27 జాతులు మాత్రమే. ఇంత చిన్న క్రమంలో కూడా గుర్తింపులు తరచూ తప్పుతాయి. మూతి సన్నగా ఉంటే ఘరియల్, వెడల్పుగా ఉంటే అల్లిగేటర్, మిగిలినవన్నీ మొసలి అనుకోవడమే దానికి కారణం. మూతి ఆకారం తిండిని బట్టి మారుతుంది. చేపల కోసం తలను నీళ్లలో పక్కకు విసిరే జంతువుకు సన్న మూతి వీలు. అందుకే సన్న మూతి ఈ క్రమంలో విడివిడిగా చాలాసార్లు పుట్టింది: గంగా పరీవాహకపు ఘరియల్‌లో, ఆఫ్రికా మెసిస్టాప్స్‌లో, ఆస్ట్రేలియా మంచినీటి మొసలిలో, ఒరినోకో మొసలిలో. మూతి చూసి బంధుత్వం చెప్పడమంటే రెక్కలు చూసి గబ్బిలాన్ని పక్షుల్లో కలపడమే.

ముందు మూడు ఫొటోలు సంపాదించాలి. ఒకటి, నోరు పూర్తిగా మూసి ఉన్నప్పుడు పక్క నుంచి, కంటి ఎత్తులో తీసినది. రెండు, తల, మెడ, వీపు మొదలు పైనుంచి కనిపించేది. మూడు, పక్క లేదా పొట్ట పొలుసులు ఒక్కొక్కటిగా తెలిసేంత దగ్గరి బొమ్మ. బతికున్న జంతువైతే దూరం నుంచి జూమ్ లెన్స్‌తోనే తీయండి. గట్టు మీద కదలకుండా పడుకున్న మొసలి కూడా ఒక్క ఉదుటున దూకుతుంది. పుర్రె చేతిలో ఉంటే పైభాగంతో పాటు అడుగుభాగం కూడా తీయండి, పక్కన స్కేలు పెట్టండి.

మొదటి పరీక్ష పళ్లు. కింది దవడలో ముందు నుంచి నాలుగో పన్ను అన్నింటికన్నా పెద్దది. అల్లిగేటర్లు, కెయిమన్లు ఉన్న అల్లిగేటోరిడే కుటుంబంలో పై దవడ వెడల్పు ఎక్కువ, అది కింది దవడను కప్పేస్తుంది. నాలుగో పన్ను పై దవడ లోపలి గుంటలో దిగుతుంది. నోరు మూస్తే బయటికి పై పళ్లే కనిపిస్తాయి. అసలు మొసళ్లున్న క్రోకడైలిడే కుటుంబంలో ఆ పన్ను పై దవడ అంచున ఉన్న గాడిలో కూర్చుంటుంది, నోరు మూసినా బయటికి కనిపిస్తుంది.

ఈ పరీక్ష నాలుగు చోట్ల తప్పుతుంది. నోరు కాస్త తెరిచి ఉంటే అల్లిగేటర్‌కి కూడా కింది పళ్లు కనిపిస్తాయి. మొసళ్లకు పళ్లు జీవితాంతం ఊడి కొత్తవి వస్తుంటాయి కాబట్టి, ఆ రోజుకి నాలుగో పన్ను లేకపోవచ్చు. ముసలి అల్లిగేటర్లలో పన్ను గుంటను అరగదీసి పైకి పొడుచుకు వస్తుంది. చెరలో పెరిగిన వాటిలో దవడ వంకర తిరిగి పళ్ల వరుసే చెదిరిపోతుంది. పుర్రె ఉంటే పన్నును వదిలేసి గాడి కోసం చూడండి. మూతి కొన దగ్గర రెండు ఎముకలు కలిసేచోట పక్క అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంటే క్రోకడైలిడే. అంచు తిన్నగా ఉండి, అడుగున గుంట ఉంటే అల్లిగేటోరిడే. పన్ను రాలిపోయినా గాడి పోదు.

ఘరియల్‌కీ ఆగ్నేయాసియా సన్న మూతి జంతువు టొమిస్టోమాకీ ఈ పరీక్ష పనికిరాదు. వాటి పళ్లు వేళ్లలో వేళ్లు చొప్పించినట్టు పైవీ కిందివీ ఒకదాని సందులో ఒకటి పడతాయి. అక్కడ లెక్క పెట్టాలి. ఘరియల్‌కి 100 దాటి 110 వరకు ఉంటాయి. టొమిస్టోమాకి దాదాపు 76 నుంచి 84. క్రోకడైలస్ ప్రజాతిలో సాధారణంగా 64 నుంచి 68. ఊడిన పళ్ల చోటు ఖాళీ గూడును కూడా లెక్కలో వేయండి, లేకపోతే మొత్తం తగ్గిపోతుంది. ఘరియల్ మూతి కొన మీది కుండలాంటి బుడిపె ఎదిగిన మగవాటికే వస్తుంది. అది లేదని ఘరియల్ కాదనకండి.

రెండో పరీక్ష చర్మం. పళ్ల కన్నా నమ్మదగినదని నా అభిప్రాయం, ఎందుకంటే తల లేని తోలు ముక్క మీద కూడా పనిచేస్తుంది. క్రోకడైలిడే, ఘరియల్ ఉన్న గేవియాలిడే కుటుంబాల్లో ఒంటి మీద దాదాపు ప్రతి పొలుసు వెనక అంచు దగ్గర సూది మొన పెట్టినట్టు చిన్న చుక్క ఉంటుంది. నీటి కదలికను పసిగట్టే స్పర్శాంగం అది. అల్లిగేటోరిడేలో ఈ చుక్కలు దవడల చుట్టూ, ముఖం మీదే ఉంటాయి, ఒంటి మీద ఉండవు. పొట్ట పొలుసులను పక్క వెలుతురులో, భూతద్దంతో, కనీసం పది పొలుసులు చూడండి. శుద్ధి చేసిన తోలులో వెంట్రుక కుదురులాంటి గుర్తుగా మిగులుతుంది. ఒక్క పొలుసు మీది గీతను చూసి తీర్పు ఇవ్వకండి. కెయిమన్ల పొట్ట పొలుసుల కింద ఎముక పలకలు ఉంటాయి. తోలు గట్టిపడటం, శుద్ధి చేశాక గుంటలు గుంటలుగా కనిపించడం దానివల్లే.

కుటుంబం తేలాక ప్రజాతి. అల్లిగేటోరిడేలో కళ్ల మధ్యకు చూడండి. రెండు కళ్ల ముందు అడ్డంగా ఎముక గట్టు ఉంటే అది కెయిమన్ ప్రజాతి లేదా నల్ల కెయిమన్ అయిన మెలనోసూకస్. కళ్లజోడు పెట్టినట్టు కనిపిస్తుంది కనుకే కళ్లజోడు కెయిమన్ అనే పేరు వచ్చింది. గట్టు లేకుండా, పై కనురెప్ప అంతా ఎముకగా మారి ఉంటే మరుగుజ్జు కెయిమన్లైన పేలియోసూకస్. వాటి పై దవడ మొదటి ఎముకలో ఒక్కోవైపు నాలుగే పళ్లు ఉంటాయి, తక్కిన కెయిమన్లకు ఐదు. అల్లిగేటర్ ప్రజాతిలో ముక్కు రంధ్రాలను ఎముక గోడ రెండుగా విడదీస్తుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: ఆఫ్రికా మరుగుజ్జు మొసలి ఆస్టియోలేమస్‌కి కూడా ఆ గోడ ఉంది, కనురెప్పలో ఎముకా ఉంది. పళ్ల పరీక్ష, చర్మ పరీక్ష ముందు చేసినవాళ్లు ఈ ఉచ్చులో పడరు. అందుకే ఈ వరుస మార్చకూడదు.

క్రోకడైలిడేలో మెడ మీది పలకలు చూడాలి. తల వెనక చిన్న పలకల వరుస ఒకటి, దాని వెనక మెడ మీద పెద్ద పలకల గుంపు, ఆ తర్వాత వీపు కవచం. క్రోకడైలస్ ప్రజాతిలో మెడ గుంపుకూ వీపు కవచానికీ మధ్య సాధారణంగా ఎడం ఉంటుంది. మెసిస్టాప్స్‌లో మెడ పలకలు వీపు వరుసలతో కలిసిపోతాయి. ఘరియల్, టొమిస్టోమాల్లోనూ అంతే, కాబట్టి ఇది ఒక్కటే చాలదు. ఉప్పునీటి మొసలి క్రోకడైలస్ పొరోసస్‌కి తల వెనక చిన్న వరుస సాధారణంగా ఉండదు, ఉన్నా నామమాత్రమే. కళ్ల నుంచి మూతి మీదుగా రెండు గట్లు దిగుతాయి. మన దేశపు మంచినీటి మొసలి (మగ్గర్) క్రోకడైలస్ పాలుస్ట్రిస్‌కి ఆ చిన్న వరుస స్పష్టంగా ఉంటుంది. రంగును మాత్రం నమ్మవద్దు. బురద, నాచు, వయసు, నీటి తీరు అన్నీ దాన్ని మారుస్తాయి.

టొమిస్టోమాను ఏ కుటుంబంలో పెట్టాలన్నదే ఈ క్రమంలోకెల్లా పెద్ద తగువు. ఎముకలు చూసినవాళ్లు చాలాకాలం దాన్ని క్రోకడైలస్ చుట్టంగా, ఘరియల్‌ని అందరికన్నా ముందే విడిపోయిన ఒంటరి శాఖగా లెక్కించారు. 1980ల నుంచి ప్రోటీన్లు, ఆ తర్వాత డీఎన్ఏ పదేపదే ఒకే మాట చెప్పాయి: ఘరియల్, టొమిస్టోమా తోబుట్టువులు, ముందుగా విడిపోయింది అల్లిగేటర్ల శాఖ. ఎముకలు ఎందుకు తప్పుదారి పట్టించాయంటే, ఘరియల్ పుర్రెలో పాతకాలపువిగా కనిపించే లక్షణాలు చాలావరకు సన్న మూతితో పాటు తర్వాత వచ్చినవే. డైనోసార్ల చివరి కాలమైన క్రెటేషియస్ నాటి సన్న మూతి మొసళ్లను ఘరియల్ పూర్వీకులనుకోవడం వల్ల ఆ పొరపాటు మరింత బిగుసుకుంది. దక్షిణ చైనాలో చారిత్రక కాలం దాకా బతికి అంతరించిన హన్యూసూకస్‌ను 2022లో వర్ణించారు. దానిలో రెండింటి లక్షణాలూ కలిసి ఉన్నాయి. కాబట్టి ఇప్పుడు టొమిస్టోమాను గేవియాలిడేలో రాయండి. పాత పట్టికల్లో క్రోకడైలిడే అని ఉంటే, అది ఆనాటి అవగాహన.

శిలాజమైతే ముందు అది ఈ క్రమంలోకి వస్తుందో లేదో చూడాలి. 1988లో వచ్చిన కట్టుదిట్టమైన నిర్వచనం ప్రకారం, బతికి ఉన్న మొసళ్లన్నింటి చివరి ఉమ్మడి పూర్వీకుడు, దాని సంతతి మాత్రమే క్రోకడైలియా. పుర్రె అడుగున లోపలి ముక్కు రంధ్రం బాగా వెనక్కి జరిగి, చుట్టూ అంగిలి వెనక ఉండే టెరిగాయిడ్ ఎముకలే ఉన్నాయా చూడండి. లేకపోతే ఈ క్రమం కాదు. ఉన్నా సరిపోదు, ఎందుకంటే క్రమానికి కాస్త బయట ఉన్న దగ్గరి చుట్టాలకూ ఆ లక్షణం ఉంది. సార్కోసూకస్‌ని పెద్ద మొసలి అంటారు గాని అది ఈ క్రమంలోనిది కాదు. దక్షిణ అమెరికాలోని భారీ పురుసారస్ మాత్రం ఇందులోనిదే, కెయిమన్ల శాఖ. మడగాస్కర్లో అంతరించిన వోయే అనే మొసలి కథ కూడా గుర్తుంచుకోదగింది. తల మీది కొమ్ముల్లాంటి గట్లు చూసి దాన్ని ఆస్టియోలేమస్ పక్కన పెట్టారు. 2021లో పాత ఎముకల నుంచి తీసిన డీఎన్ఏ దాన్ని క్రోకడైలస్‌కి తోబుట్టువుగా చూపింది.

జాతి స్థాయిలో కంటిచూపుకు హద్దు ఉంది. నైలు మొసలి, పశ్చిమ ఆఫ్రికా మొసలి క్రోకడైలస్ సూకస్ పైకి ఒకేలా ఉంటాయి. సూకస్‌కి 1807లోనే పేరు పెట్టినా, దాన్ని చాలాకాలం నైలు మొసలిలోనే కలిపేశారు. 2011లో డీఎన్ఏ చూసి మళ్లీ విడదీశారు. మెసిస్టాప్స్‌ను 2018లో రెండు జాతులు చేశారు. న్యూగినీ దక్షిణ భాగపు మొసలికి 2019లో క్రోకడైలస్ హాలీ అని పేరు పెట్టారు. మొత్తం లెక్క 26 దగ్గరా 27 దగ్గరా ఊగడానికి కారణం, ఆస్టియోలేమస్‌ను ఒక జాతిగా లెక్కించాలా రెండుగానా అన్నది. ఇలాంటి చోట దొరికిన ప్రదేశం రాయని నమూనాకు విలువ సగం పోతుంది.

సంకరాలు ఇంకో చిక్కు. పెంపకపు చెరువుల్లో ఉప్పునీటి మొసలికీ సయామీ మొసలికీ పుట్టినవి ఎన్నో ఉన్నాయి. క్యూబాలో అమెరికన్ మొసలి, క్యూబా మొసలి కలుస్తాయి. మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కటే పరీక్షిస్తే అది తల్లి వైపు సంగతే చెబుతుంది, తండ్రి జాతి కనిపించదు. సంకరమన్న అనుమానం ఉంటే కేంద్రక డీఎన్ఏ కూడా చేయించాలి.

చీటీ రాసేటప్పుడు ఎంతవరకు తేలిందో అంతవరకే రాయండి. పళ్లు, చర్మం కుదిరి మెడ ఫొటో లేకపోతే "క్రోకడైలిడే, ప్రజాతి తేలలేదు". మెడ పలకలు కుదిరి జాతి గుర్తు దొరకకపోతే "క్రోకడైలస్, జాతి తేలలేదు". పక్కన ఏ లక్షణం చూసి ఆ మాట అన్నారో, ఏ ఫొటోలోనో రాయండి. పొడవు, దొరికిన చోటు, తేదీ, చెరలో పెరిగిందా అడవిదా అన్నవీ ఉండాలి. చెరలో పెరిగినదైతే మూతి కొలతలు వేరే జంతువులతో పోల్చకండి, అవి తరచూ పొట్టిగా, వెడల్పుగా పెరుగుతాయి. పిల్లల విషయంలోనూ అంతే. ఏ జాతి పిల్లకైనా మూతి పొట్టిగానే ఉంటుంది.