ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు తొట్టి కవర్‌ను ఎలా పరీక్షించి ఎంచుకోవాలి?

మీట నొక్కగానే ట్రక్కు వెనక తొట్టి మీద కవర్ దానంతట అదే జరుగుతూ వచ్చి మూసుకుంటుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, అమ్మేవారూ పదేపదే అదే చూపిస్తారు. నన్నడిగితే ముందుగా తేల్చుకోవలసినవి రెండు: తెరిచినప్పుడు ఆ కవర్ ఎక్కడికి పోతోంది, మొరాయించినప్పుడు దాన్ని తెరిచే దారి ఏది. ఈ రెండింటికీ సరైన జవాబు దొరకకపోతే మిగతా హంగులకు విలువ లేదు.

దీన్ని టోనో కవర్ అంటారు. బట్టలా చుట్టేవి, మడతలుగా ముడిచేవి కూడా ఉన్నాయి. ఇక్కడ చెప్పేది సన్నటి అల్యూమినియం పట్టీలను అతికించి, దుకాణం షట్టర్‌లా లోపలికి చుట్టుకునేలా చేసిన రకం గురించి.

మొదటి పని: టేపుతో కొలవండి

పూర్తిగా తెరిచిన కవర్ గుండ్రంగా చుట్టుకుని, ఎక్కువగా క్యాబిన్ వైపు ఒక డబ్బాలో దాక్కుంటుంది. ఆ చుట్ట ఎంత లావు ఉంటుందో మీరే లెక్క కట్టవచ్చు. తొట్టి పొడవును పట్టీ మందంతో గుణించి, దాన్ని 1.27తో గుణించండి. వచ్చినదానికి లోపలి ఇరుసు వ్యాసం వర్గాన్ని కలిపి, మొత్తానికి వర్గమూలం తీయండి. ఉదాహరణకు 1,800 మిల్లీమీటర్ల తొట్టి, 15 మిల్లీమీటర్ల పట్టీ, 60 మిల్లీమీటర్ల ఇరుసు అనుకుంటే చుట్ట వ్యాసం సుమారు 195 మిల్లీమీటర్లు. పట్టీ మందం 10కి తగ్గితే 163కు దిగుతుంది. గట్టి పట్టీలు పూర్తి గుండ్రంగా వంగవు కాబట్టి అసలు కొలత ఇంకొంచెం పెరుగుతుంది. అంటే కవర్ ఎంత దృఢంగా ఉంటే అంత చోటు తినేస్తుంది. ఈ బేరం ఏ తయారీదారుకూ తప్పదు.

అందుకే తొట్టి పొడవును రెండుసార్లు కొలవాలి: నేల దగ్గర ఒకసారి, పై అంచు దగ్గర ఒకసారి. విడిగా బిగించే కవర్ల డబ్బా సాధారణంగా ముందువైపు పై మూలలో కూర్చుంటుంది. నేల మీద 6 అడుగుల పలక పట్టినా, నిలువుగా పెట్టిన బీరువా పట్టకపోవచ్చు. టెస్లా సైబర్‌ట్రక్ తొట్టి సుమారు 6 అడుగులు, ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌ది 5.5, రివియన్ ఆర్1టీది 4.5. పొట్టి తొట్టిలో ఒక్కో అంగుళం ఎంత విలువైనదో సామాను ఎక్కించేవారికే తెలుస్తుంది.

రెండవ పని: కరెంటు పోయినట్టు ఊహించండి

ఈ దశను దయచేసి దాటవేయకండి. కవర్ మోటారు నడిచేది ట్రక్కును నడిపే పెద్ద బ్యాటరీతో నేరుగా కాదు. చాలా వాహనాల్లో 12 వోల్టుల చిన్న బ్యాటరీతో, సైబర్‌ట్రక్‌లోనైతే 48 వోల్టుల వ్యవస్థతో నడుస్తుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్నది పడుకుంటే కవర్ కదలదు. అప్పుడు జాకీ, గాలి పంపు, స్పేర్ టైరు అన్నీ ఆ మూత కిందే ఉంటే పరిస్థితి ఏమిటి? తాళంచెవిని పెట్టెలోనే ఉంచి తాళం వేసినట్టే.

కాబట్టి చేత్తో తెరిచే మీట లేదా తాడు ఎక్కడుందో చూపించమని అడగండి. అది తొట్టి లోపలే ఉంటే, టెయిల్‌గేటు (తొట్టి వెనక తలుపు) కరెంటు లేకుండా తెరుచుకుంటుందా అన్నది తదుపరి ప్రశ్న. చూపిస్తే చాలదు, మీ చేత్తో ఒకసారి లాగి చూడండి. రివియన్ తొలి మోటారు కవర్లు మొరాయించడంతో, ఆ సంస్థ వాటిని కొంతకాలం పక్కనపెట్టి చేత్తో వేసుకునే కవర్లు ఇచ్చింది. దుమ్ములో, వానలో, ఎండలో రోజూ జరిగే యంత్రాన్ని రూపొందించడం అంత తేలిక కాదని దాన్నిబట్టి తెలుస్తుంది.

లోపల ఎవరైనా చిక్కుకుంటే బయటపడే పిడి ఉందా అన్నదీ ఇప్పుడే చూడాలి. దాగుడుమూతలాడే పిల్లలకు మూతపడే చోటు ఏదైనా ఇష్టమే. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి కార్ల డిక్కీ లోపల చీకట్లో మెరిసే పిడి తప్పనిసరి చేశారు. తొట్టి మూసుకునేదైతే అలాంటి పిడి కావాలని పట్టుబట్టండి.

ఇక మూసుకునే దారిలో ఏదైనా అడ్డొస్తే కవర్ ఆగి వెనక్కి వెళ్లాలి. ఖాళీ అట్టపెట్టెను అడ్డం పెట్టి చూడండి. చేయి మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు. పెట్టె నలిగిపోయాక ఆగితే ఆ కవర్ మీకు వద్దు.

మూడవ పని: నీళ్లు పోయండి

పట్టీల కవర్ ఏదీ డబ్బా మూతలా నీటిని పూర్తిగా ఆపదు. మంచి రూపకల్పనలో నీళ్లు పక్క పట్టాల్లోని సన్న కాలువలోకి దిగి, మూలల్లోని గొట్టాల గుండా ట్రక్కు కిందికి పోతాయి. లోపల నాలుగు అంచుల వెంట పాత వార్తాపత్రిక పరిచి, కవర్ మూసి, గొట్టంతో వాన పడినట్టు అయిదు నిమిషాలు నీళ్లు చల్లండి. తెరిచాక కాగితం ఏ మూల తడిసిందో ఆ మూలే మీ సమస్య. అంతటా చుక్కలు చుక్కలుగా తడిస్తే పట్టీల మధ్య రబ్బరు సరిగ్గా లేదని అర్థం.

కవర్ మీద నీళ్లు నిలిచాయా అన్నదీ చూడండి. 1.8 మీటర్ల పొడవు, 1.3 మీటర్ల వెడల్పు మీద ఒక్క సెంటీమీటరు నీరు నిలిస్తే 23 కిలోల బరువు. తడి మంచు పేరుకునే చోట్ల అది అనేక రెట్లు పెరుగుతుంది. "మనిషి నిలబడవచ్చు" అన్న హామీకీ, బరువు మీద ఉండగా మోటారు లాగగలదన్న హామీకీ తేడా ఉంది. రెండూ విడివిడిగా అడగండి. మంచును దులిపేసి మీట నొక్కడమే ఎప్పుడూ క్షేమం.

నాలుగవ పని: పట్టాలను వేలితో తడమండి

మోటారు ఆపి, పట్టా గాడిలో చిటికెన వేలు పెట్టి అర అడుగు మేర లాగండి. గరగరలాడుతూ ఇసుక అంటితే అది రోజూ పట్టీ అంచులను అరగదీస్తోంది. దుమ్మును బయటికి తోసే కుచ్చు బ్రష్ ఉందేమో చూడండి. పక్కల వదిలిన సందు కూడా ముఖ్యమే. అల్యూమినియం పట్టీ 1.5 మీటర్ల వెడల్పు ఉంటే, 60 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చల్లని ఉదయం సాఫీగా జరిగే కవర్ మండుటెండలో పట్టేసిందంటే కారణం చాలాసార్లు ఇదే. అందుకే పరీక్ష రెండు వేళల్లోనూ చేయాలి.

అయిదవ పని: రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం) సంగతి మీరే తేల్చండి

గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 110కి వెళితే అది దాదాపు 1.9 రెట్లు. క్యాబిన్ మీదుగా వచ్చిన గాలి తెరిచిన తొట్టిలో సుడి తిరుగుతుంది. కవర్ మూస్తే ఆ గాలి నున్నగా వెనక్కి జారుతుంది. ఎంత ఆదా అవుతుందన్నది ట్రక్కు ఆకారాన్నిబట్టి మారుతుంది కాబట్టి ప్రచారపు అంకెలకంటే మీ కొలత మేలు. గాలి లేని రోజు, ఒకే రహదారి మీద, ఒకే వేగంతో పోయి రండి, ఒకసారి మూసి, ఒకసారి తెరిచి. రానూపోనూ కలిపి సగటు తీస్తేనే ఎగుడుదిగుళ్ల ప్రభావం పోతుంది.

మూసిన కవర్ వెనక అద్దాన్ని కప్పేస్తే కెమెరా మీదే ఆధారపడాలి. బురద పడిన కెమెరా కళ్లు మూసుకున్నట్టే, కాబట్టి వేళ్లకు అందే చోట ఉందో లేదో చూసుకోండి.

తొట్టిలో కరెంటు ప్లగ్గులు ఉంటాయి కాబట్టి మూత కింద పెట్రోలు డబ్బా పెట్టవద్దు. ఆవిరి పేరుకున్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు.

కొన్నాక గ్రీజు జోలికి పోకండి, దుమ్మును పట్టి ఉంచుతుంది. రబ్బరుకు సిలికాన్ స్ప్రే చాలు. నెలకొకసారి ముందు మూలల్లోని రంధ్రంలో చెంబెడు నీళ్లు పోసి, వంగి ట్రక్కు కింద చూడండి. ధారగా పడితే సరే. పడకపోతే మెత్తని నైలాన్ తీగను లోపలికి నెట్టండి. సాధారణంగా కుళ్లిన ఆకుల ముద్ద బయటికొస్తుంది.