గోధుమ లేని బొమ్మల పిండి: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి ముద్ద, హాస్‌బ్రో కంపెనీ అమ్మే ప్లే-డోలో గోధుమ ఉంటుంది. ఆ మాట కంపెనీయే చెబుతుంది. సీలియాక్ (గ్లూటెన్ పడని పేగుల జబ్బు) ఉన్న పిల్లలకు గోధుమలో ఉండే ఆ గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులోకి పోతేనే హాని, చేత్తో ముట్టుకుంటే కాదు. కానీ మూడేళ్ళ పిల్లల వేళ్ళు నోట్లోకి పోకుండా ఎవరు కాపలా కాయగలరు? గోధుమ ఎలర్జీ సంగతి వేరు. ఆ పిల్లల్లో కొందరికి పిండి తగిలిన చోటే దద్దుర్లు లేస్తాయి. ఇద్దరికీ పనికొచ్చేది బియ్యప్పిండితో ఇంట్లో చేసుకునే ముద్ద.

కొలతలు 240 మి.లీ. కప్పుతో: పొడి బియ్యప్పిండి 1 కప్పు, కార్న్‌ఫ్లోర్ అర కప్పు, మెత్తటి ఉప్పు అర కప్పు, నీళ్ళు 1 కప్పు, క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పుల్లటి తెల్లపొడి) 2 టీస్పూన్లు, నూనె 2 టీస్పూన్లు. క్రీమ్ ఆఫ్ టార్టార్ దొరక్కపోతే 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం పోసి, నీళ్ళు కూడా అంతే కొలత తగ్గించండి. ముందు ఉప్పు, పులుపు నీళ్ళలో కరిగించాలి. తర్వాత పిండ్లు, నూనె వేసి ఉండలు లేకుండా కలిపి, మందపాటి గిన్నెలో సన్నటి సెగ మీద అడుగంటకుండా తిప్పాలి. నాలుగైదు నిమిషాల్లో తడి మెరుపు పోయి, గిన్నె అంచులు వదిలేసి, ముద్ద గరిటెకు చుట్టుకుంటుంది. పళ్ళెంలోకి తీసి తడిగుడ్డ కప్పండి. చెయ్యి పట్టే వేడికి రాగానే బాగా మర్దించండి.

గోధుమపిండికి సాగే గుణం గ్లూటెన్ వల్ల వస్తుంది. ఇక్కడ ఆ పని ఉడికిన పిండిపదార్థం చెయ్యాలి. అందుకే కింద చెప్పిన తంటాల్లో చాలావాటికి మూలం ఉడుకులోనో నీళ్ళలోనో ఉంటుంది.

చేతులకు అంటుకుంటోంది

వేడిగా ఉన్నప్పుడు అంటుకోవడం మామూలే. 20 నిమిషాలు ఆగి చూడండి. చల్లారినా వదలకపోతే ఉడకలేదని అర్థం. చిటికెడు ముద్ద తుంచి చూస్తే లోపల తెల్లటి పచ్చిపిండి చార కనిపిస్తుంది. మళ్ళీ గిన్నెలో వేసి సన్నటి సెగ మీద ఒక నిమిషం తిప్పండి, చాలకపోతే ఇంకో నిమిషం. చాలామంది ఇక్కడే తొందరపడి పొడి పిండి చల్లుతారు. ఆ పూటకు అతుకుడు తగ్గుతుంది. కానీ ఆ పచ్చిపిండి మెల్లగా తేమను పీల్చేసి, మర్నాటికి ముద్దను పొడిపొడి చేస్తుంది.

తడిబియ్యం పట్టించిన పిండి వాడినా ఇదే బాధ. అందులో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి నీళ్ళు పావు కప్పు తగ్గించి మొదలుపెట్టండి.

పగుళ్ళు వస్తున్నాయి, పాము చేస్తే విరిగిపోతోంది

నీళ్ళు తక్కువైనా, సెగ మీద ఎక్కువసేపు ఉంచినా ఇలా అవుతుంది. గోరువెచ్చటి నీళ్ళు టీస్పూన్ చొప్పున చేర్చుకుంటూ, ప్రతిసారీ రెండు నిమిషాలు మర్దించండి. ఒక్కసారిగా పోస్తే పైన జిగురు, లోపల పొడి.

నీళ్ళు సరిపోయినా విరుగుతుంటే జిగి తక్కువైంది. మందుల షాపులో దొరికే ఇసబ్గోల్ పొట్టు 1 టీస్పూన్, 3 టేబుల్ స్పూన్ల నీళ్ళలో ఐదు నిమిషాలు నానబెట్టండి. జెల్లీలా ఉబ్బుతుంది. దాన్ని వెచ్చటి ముద్దలో కలిపి పిసకండి, తేడా వెంటనే తెలుస్తుంది. జాంతన్ గమ్ (వంటల్లో జిగురు కోసం వాడే పొడి) కూడా ఇదే పని చేస్తుంది గానీ ఇసబ్గోల్ చవక, ఊళ్ళలోనూ దొరుకుతుంది. ఇంత చేసినా మైదా ముద్దలా సాగదీయడం కుదరదు. ఈ పిండి అచ్చులకూ ఉండలకూ బాగుంటుంది, సన్నటి తీగలకు కాదు.

మర్నాడు గట్టిపడింది

ఫ్రిజ్‌లో పెట్టారేమో చూడండి. ఉడికిన బియ్యప్పిండి చల్లదనానికి బిగుసుకుంటుంది, మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో బిరుసెక్కినట్టే. తడిగుడ్డలో చుట్టి ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి పట్టి, మళ్ళీ మర్దిస్తే చాలావరకు మెత్తబడుతుంది. లోపలి వేడి పోయిందో లేదో మీరు తేల్చుకున్నాకే పిల్లల చేతికివ్వండి. ఈ బిగుసుకోవడం ముందే తగ్గాలంటే వండేటప్పుడు 2 టీస్పూన్ల గ్లిజరిన్ వేసి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో బయటే ఉంచండి.

గరగరలాడుతోంది

ఉప్పు కరగలేదు, లేదా పిండి బరకగా ఉంది. రాళ్ళ ఉప్పు వద్దు. పిండి సన్నటి జల్లెడ పట్టండి. పసుపుపచ్చ మొక్కజొన్న పిండికీ తెల్లటి కార్న్‌ఫ్లోర్‌కూ తేడా తెలియక మొదటిది కొనేస్తే ముద్ద ఎంత పిసికినా నునుపు రాదు. మొక్కజొన్న పడని పిల్లలకు సగ్గుబియ్యం మిక్సీ పట్టి జల్లించిన పిండి అంతే కొలతలో వేయొచ్చు. కాస్త జిగురెక్కువ, అంతే.

వానాకాలంలో నీరు కారుతోంది

ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. కోస్తా ఊళ్ళలో ఈ తడి తప్పదు. ఫ్యాను కింద అరగంట పరిచి, చెంచాడు కార్న్‌ఫ్లోర్ అద్ది మర్దించండి. మొదటి సమస్యలో వద్దన్న పొడి ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే ఈ తడి లోపలిది కాదు, పైది.

గోధుమ వేయకపోయినా ఒంటికి పడలేదు

ముందు పిండిమర, తెలంగాణలో గిర్నీ, గుర్తుచేసుకోండి. మీ బియ్యానికి ముందు అందులో గోధుమలు పట్టి ఉంటే, ఆ పిండి మీ డబ్బాలోకి వచ్చినట్టే. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ప్యాకెట్ కొనండి (మన దేశంలో ఆ మాట వాడాలంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు), లేదా బియ్యం కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలో పట్టండి. చపాతీ పీట, అప్పడాల కర్ర, గోధుమపిండి జల్లించే జల్లెడ ఈ పనికి వాడొద్దు. చెక్క సందుల్లో దిగిన పిండి కడిగినా పూర్తిగా పోదు. స్టీలు పళ్ళెం, గాజు సీసా చాలు.

తర్వాత నూనె. గోధుమ తీసేసి వేరుశెనగ నూనో నువ్వుల నూనో పోస్తే ఆ ఎలర్జీ ఉన్న పిల్లలకు కొత్త చిక్కు. పొద్దుతిరుగుడు నూనె మేలు. సువాసన నూనెలు అసలే వద్దు.

ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పుట్టే జబ్బు) ఉన్న చేతుల్లో మంట పుడితే కారణం ఉప్పూ నిమ్మరసమే కావచ్చు. ఉప్పు 2 టేబుల్ స్పూన్లకు తగ్గించి, పులుపు మానేసి చేయండి. అలా చేసిన ముద్ద ఆ రోజుకే పనికొస్తుంది. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రంగు

పసుపు వేస్తే పిల్లల గోళ్ళు, బట్టలు పచ్చబడతాయి, సబ్బు తగిలితే ఆ మరక ఎర్రగా మారుతుంది. బీట్‌రూట్ రంగు రోజుల్లోనే వెలిసిపోతుంది. ఆహారపు రంగు వాడితే ముద్దలో కాకుండా నీళ్ళలోనే కలపండి, చారలు రావు.

బూజు, వాసన

పుల్లటి వాసన వచ్చినా, నల్లటి చుక్క ఒక్కటి కనబడినా మొత్తం పారేయాలి. ఆ చుక్క గీకేసి మిగతాది వాడొద్దు. పారేసేటప్పుడు కుక్కలకు అందనీయకండి. ఇంత ఉప్పు తింటే వాటికి ప్రాణాపాయం. అదే కారణంగా, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఆడుతున్నంతసేపూ పక్కన ఒకరు ఉండాల్సిందే.