టాబ్లోలో ‘టాప్ 10’ సెట్ తప్పు లేకుండా ఎలా చేయాలి?

డేటాను చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్ టాబ్లో డెస్క్‌టాప్, దానితోపాటే వచ్చే ‘శాంపిల్ సూపర్‌స్టోర్’ డేటా ఉంటే చాలు. ఎడమవైపు జాబితాలో ‘కస్టమర్ నేమ్’ మీద రైట్ క్లిక్ చేసి ‘క్రియేట్’, అందులో ‘సెట్’ నొక్కండి. సెట్ అంటే మనం ఎంచుకున్న పేర్ల జాబితా. ‘టాప్’ ట్యాబ్‌లో ‘బై ఫీల్డ్’ ఎంచుకుని, 10 అని వేసి, ‘సేల్స్’ మొత్తాన్ని ఆధారంగా పెట్టండి. టాబ్లో ఇచ్చిన పేరును అలాగే ఉంచకూడదు. ‘అమ్మకాల్లో మొదటి 10’ అని మార్చాల్సిందే.

‘జనరల్’ ట్యాబ్‌లో పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ పోవద్దు. అలా చేసిన సెట్ కదలదు. కొత్త డేటాలో మరొకరు పైకి వచ్చినా పాత పదిమందే అందులో కూర్చుంటారు. కొన్ని పేర్లను ఒకే పేరు కింద కలిపే ‘గ్రూపు’దీ అదే తీరు. ‘హైదరాబాద్’, ‘హైద్రాబాద్’ అని రెండు రకాలుగా నమోదైన పేర్లను ఒకటి చేయడానికి గ్రూపును మించింది లేదు. ర్యాంకులకు వాడితే మాత్రం ప్రతి నెలా చేత్తో దిద్దుకోవాలి.

కస్టమర్ నేమ్‌ను రోస్‌లోకి, సేల్స్‌ను కాలమ్స్‌లోకి, సెట్‌ను ఫిల్టర్స్‌లోకి లాగండి. పదిమంది కనిపిస్తారు.

ఇక్కడినుంచి జాగ్రత్త. ‘రీజియన్’ను కూడా ఫిల్టర్స్‌లో వేసి ‘సౌత్’ ఒక్కటే ఉంచండి. ఇప్పుడు పేర్లు లెక్కపెట్టండి, పదికి తగ్గి ఉండవచ్చు. సరిగ్గా పది వచ్చినా ఆ జాబితాను నమ్మవద్దు. టాబ్లో ముందు టాప్ సెట్‌ను లెక్కగట్టి, ఆ తర్వాతే మామూలు ఫిల్టర్‌ను వర్తింపజేస్తుంది. అంటే మీ ముందున్నది దక్షిణ ప్రాంతపు మొదటి పదిమంది కాదు. అన్ని ప్రాంతాలూ కలిపి తీసిన పదిమందిలో దక్షిణాన కొన్నవాళ్లు. శీర్షికలో ‘సౌత్ టాప్ 10’ అని ఉండి కింద ఈ జాబితా ఉన్న డాష్‌బోర్డులు ఎన్ని చూశానో! వాటిని నమ్మి నిర్ణయాలు తీసుకునేవారి సంగతి తలచుకుంటే బాధేస్తుంది.

మందు ఒక్క క్లిక్కే. ఫిల్టర్స్‌లోని రీజియన్ మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ టు కాంటెక్స్ట్’ నొక్కండి. నీలంగా ఉన్న ఆ బిళ్ల బూడిద రంగుకు మారుతుంది. ఆ రంగు కంటితో చూశాకే ముందుకు వెళ్లండి. ఇప్పుడు ముందుగా దక్షిణ ప్రాంతం విడిపడి, అందులోంచి పదిమంది వస్తారు.

అలాగని కనిపించిన ప్రతి ఫిల్టర్‌నూ కాంటెక్స్ట్‌లో పెట్టేయవద్దు. ‘దక్షిణంలో మొదటి పదిమంది ఎవరు?’ అన్నది ఒక ప్రశ్న. ‘మొత్తం మీద మొదటి పదిమంది దక్షిణంలో ఎంత కొన్నారు?’ అన్నది వేరే ప్రశ్న. దానికి కాంటెక్స్ట్ పెడితేనే తప్పు. నేనైతే ప్రశ్నను షీటు శీర్షికలో పూర్తి వాక్యంగా రాసుకున్నాకే ఫిల్టర్ ముట్టుకుంటాను. మీరూ అలాగే చేయండి.

ఇక రీజియన్ ఫిల్టర్ తీసేసి, అదే కస్టమర్ నేమ్ మీద రెండో సెట్ చేయండి. ‘కండిషన్’ ట్యాబ్‌లో ‘ప్రాఫిట్’ మొత్తం సున్నా కంటే తక్కువ అని పెట్టాలి. కంట్రోల్ మీటతో రెండు సెట్లనూ ఎంచుకుని ‘క్రియేట్ కంబైన్డ్ సెట్’ నొక్కి, రెండింటిలోనూ ఉన్నవారిని మాత్రమే అడగండి. ఫిల్టర్స్‌లో పాత సెట్ తీసేసి దీన్ని వేయండి. షాన్ మిల్లర్ పేరు కనిపిస్తుంది: అమ్మకాల్లో అందరికంటే పైన, 25,000 డాలర్లు దాటి. లాభం దగ్గర మాత్రం నష్టమే.