ఇంకొక్క కెయిర్న్ చూసొద్దాం అనకండి

పోయిన అక్టోబరు ఆఖరి ఆదివారం స్కాట్లండ్‌లోని కిల్‌మార్టిన్ లోయ పక్క గుట్టమీద మాతో వచ్చిన కుర్రాడి చీలమండ విరిగింది. అప్పటికి నాలుగు కెయిర్న్‌లు, అంటే పాతకాలపు సమాధుల మీది రాళ్లపోగులు, కొలిచాం. దిగిపోదామనుకునేసరికి అతనికి ఐదోది కనిపించింది. ‘ఇంకొక్కటి, పది నిమిషాలు’ అన్నాడు. ఆ తెల్లవారుజామునే బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిరిగాయి. ముందురోజు ఆరుకు కాస్త ముందు గుంకిన పొద్దు, ఆరోజు ఐదు కొట్టకముందే గుంకింది. రాళ్ల సందు కనబడలేదు, కాలు అందులోకి దిగబడింది.

ఈసారి ఈ కెయిర్న్‌ల సర్వేకి బయల్దేరేవాళ్ల కోసం రాస్తున్నాను. వానకోటు, బూట్ల సంగతి మీకు తెలిసిందే.

వెలుతురు: మన ఊళ్లలో ఏడాది పొడుగునా ఆరు అటూఇటూగా చీకటి పడుతుంది. ఆ లెక్క ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. స్కాట్లండ్‌లో జూన్‌లో రాత్రి పదికీ వెలుతురే, డిసెంబరులో నాలుగు లోపే పొద్దు పోతుంది. పైగా అక్కడి సంజె మోసకారి. ఆకాశం తెల్లగానే ఉంటుంది, కాళ్లకింద రాయి మాత్రం కనబడదు. పొద్దు గుంకడానికి రెండు గంటల ముందే టేపు చుట్టేయాలి. ఆ టైము పొద్దున్నే నోటుబుక్కులో రాసుకోండి. సాయంత్రం బేరాల్లేవు.

రాళ్లు: నాలుగైదు వేల ఏళ్ల కిందట సమాధుల మీద పేర్చిన పోగులివి. చూడగానే మన రాకాసి గుళ్లు గుర్తొస్తాయి. సున్నం లేదు, మట్టి లేదు, రాయిమీద రాయి, అంతే. లోపలి గది బోలుగా ఉండి, పైన నాచు కప్పేసి ఉండొచ్చు. పైకెక్కొద్దు, చుట్టూ తిరిగి కొలవండి. జారిన రాయిని సర్ది పెట్టొద్దు. షెడ్యూల్డ్ కట్టడం, అంటే ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉన్నదైతే, 1979 పురాతన కట్టడాల చట్టం కింద అది నేరం. అనుమతి లేని మెటల్ డిటెక్టర్ కూడా అంతే.

ఇక మిగతావి.

జట్టు విడిపోవద్దు. చలికి ఫోను చచ్చిపోతుంది, మ్యాపూ దిక్సూచీ ఉండాలి. గ్రిడ్ రెఫరెన్స్, అంటే మ్యాపులో మీరున్న చోటు అంకెలు, కాగితం మీద రాయండి. శరత్కాలం జింకల వేట కాలం, ఆ భూమి ఎస్టేటు వాళ్లకు ముందే కబురు చేయండి. స్కాట్లండ్ 2003 భూసంస్కరణ చట్టం నడిచే హక్కిచ్చింది, తవ్వే హక్కు కాదు. దూడలున్న ఆవుల మధ్యకు పోవద్దు. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లో తిరిగిన రాత్రి మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదుల కోసం వెతకండి. లైమ్ అనే బాక్టీరియా జబ్బు వాటి కాటుతోనే వస్తుంది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి మెల్లగా లాగండి. నూనె పూయొద్దు. ప్రమాదమైతే అక్కడి అత్యవసర నంబరు 999కి చేసి పోలీసును అడగండి, కొండల్లో కాపాడే దళం మౌంటెన్ రెస్క్యూని వాళ్లే పంపిస్తారు. 999కి మెసేజి పోవాలంటే ఇంటిదగ్గరే నమోదు చేసుకోవాలి. హెడ్‌టార్చి దిగడానికి, కొలవడానికి కాదు. ఇంకొక్కటి అనొద్దు. పక్కవాడు అన్నా లేవొద్దు.

ఆ ఐదోదాన్ని మార్చిలో వెళ్లి చూశాం. బ్రాకెన్ ఎండి పడిపోయి రాళ్లన్నీ బయటపడ్డాయి. సమాధి కాదు, ఎప్పుడో రైతులు పొలంలోంచి ఏరి పోసిన రాళ్లకుప్ప.