బకెట్ బాత్రూంలో షవర్ పెట్టించడం ఎలా?

షవర్ పెట్టించాలనుకున్నవాళ్లు ముందు శానిటరీ షాపుకు పరుగెత్తుతారు. అక్కడ ఎనిమిది అంగుళాల రెయిన్ షవర్ చూసి ముచ్చటపడి కొనుక్కొస్తారు. తీరా బిగించాక నీళ్లు చుక్కలు చుక్కలుగా కారతాయి. షాపుకు వెళ్లే ముందు మేడెక్కి ట్యాంకు చూసుకుంటే ఈ బాధ ఉండదు.

ట్యాంకు నీటిమట్టానికీ షవర్ మూతికీ మధ్య ఎంత ఎత్తుంటే అంత ప్రెషర్. ప్రెషర్‌ను బార్‌లలో కొలుస్తారు, పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ వస్తుంది. ఒంటంతస్తు డాబాలో స్లాబు పదడుగులు, షవర్ ఏడడుగులు, ట్యాంకు స్లాబు మీదే కూర్చుంటే మిగిలేది మూడడుగులు. ట్యాంకులో నీళ్లు అడుగంటే వేళకు బార్‌లో పదో వంతు కూడా ఉండదు.

పరీక్ష సులువు. ఉన్న కుళాయికి గొట్టం తగిలించి, దాని మూతిని ఏడడుగుల ఎత్తులో పట్టుకుని నీళ్లు కింద బకెట్‌లో పడనివ్వండి. మూతి కిందికి దించితే లెక్క తప్పుతుంది. పది లీటర్లు నిమిషంలో నిండితే ఏ మామూలు షవరైనా పనిచేస్తుంది. రెండు నిమిషాలు దాటితే నాలుగంగుళాల చిన్న షవరే కొనండి, లేదా ట్యాంకు కింద దిమ్మె కట్టించి నాలుగడుగులు లేపండి. చాలామంది ప్రెషర్ పంపు పెట్టమంటారు. దిమ్మే మేలు, కరెంటు పోయినా పనిచేస్తుంది. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు కాబట్టి దిమ్మె గోడల మీదో పిల్లర్ల మీదో పడాలి, స్లాబు నడిమధ్య కాదు.

బకెట్ కుళాయిని మాత్రం తీసేయొద్దు. పెద్దవాళ్లకు తలంటు పోయాలన్నా, పిల్లల కాళ్లు కడగాలన్నా అదే కావాలి. కింద కుళాయి, పైన షవర్ రెండూ ఉన్న వాల్ మిక్సర్ (వేడి, చల్ల నీళ్లను కలిపి ఇచ్చే గోడ కుళాయి) తీసుకోండి. బోరు నీళ్లయితే షవర్ రంధ్రాలకు మెత్తటి రబ్బరు మొనలు ఉండాలి, తెల్ల ఉప్పు పేరుకున్నప్పుడు వేలితో రుద్దితే రాలిపోతుంది. పైపులు సీపీవీసీ (వేడినీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్) తీసుకోండి, గీజర్ లైన్‌కు యూపీవీసీ (చల్లనీళ్లకే పనికొచ్చే ప్లాస్టిక్) అసలు వద్దు. ట్యాంకు నుంచి వచ్చే లైను అంగుళం ఉండాలి, అర అంగుళం చివర్లోనే. వేడి, చల్ల లైన్లు రెండూ ఒకే ట్యాంకు నుంచి రావాలి. లేకపోతే ప్రెషర్ తేడాతో ఒకవైపు నీళ్లు రెండోవైపుకు తోసుకుపోతాయి.

పైపుల కోసం గోడలో కట్టర్‌తో గాడి తీయించేటప్పుడు నాలుగున్నర అంగుళాల గోడను అడ్డంగా పొడవునా కోయనివ్వకండి, నిలువుగానే దించండి. పిల్లర్ జోలికి పోవద్దు.

అసలు పని ఇక్కడుంది: గోడలో ఇత్తడి ఎల్బోలు (మిక్సర్ తగిలించే వంపు ముక్కలు) కూర్చోబెట్టడం. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మిక్సర్‌కు వేడి నీళ్లు ఎడమ, చల్లనీళ్లు కుడి. రెండింటి మధ్య 150 మిల్లీమీటర్లు. రసమట్టం పెట్టి రెండూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడాలి. మిక్సర్ లెగ్గులతో (మిక్సర్‌ను ఎల్బోలకు కలిపే వంకర ముక్కలతో) కొన్ని మిల్లీమీటర్లు సర్దుకోవచ్చన్న ధీమాతో టేపు కొలతతో సరిపెట్టేస్తారు. అది చాలదు. కొత్త మిక్సర్‌నే ఎల్బోలకు తగిలించి, అది తిన్నగా నిలిచాక చుట్టూ సిమెంటు వేయించండి. మిక్సర్‌కు కవరు చుట్టడం మరవొద్దు.

లోతు ఇంకా ముఖ్యం. ఎల్బో మూతి పూర్తయిన టైలు ముఖానికి సమంగా ఉండాలి. ప్లాస్టరింగుకు సమంగా పెట్టారంటే, టైలు వేశాక మూతి లోపలికి పోయి ముక్క అతుకు వేయాల్సి వస్తుంది, ఆ అతుకు దగ్గరే చెమ్మ మొదలవుతుంది. బయటికి పొడుచుకొస్తే గోడకూ ఫ్లాంజికీ (రంధ్రాన్ని కప్పే గుండ్రటి మూతకూ) మధ్య సందు మిగులుతుంది. అందుకే గాడికి అటూ ఇటూ చెరో టైలు ముక్క అసలు మందంతో సిమెంటుపై అంటించి, వాటి మీద తిన్నటి పట్టీ ఆనించండి. ఎల్బో మూతి ఆ పట్టీకి తగిలి ఆగాలి.

మరలకు టెఫ్లాన్ టేపు చాలు. పాతకాలం పద్ధతిలో దారం చుట్టి రంగు పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఇనుప పైపుల పద్ధతి. నూనె రంగు సీపీవీసీకి పడదు, ఉబ్బిన దారం మీద బిగిస్తే ఫిట్టింగు చీలుతుంది.

అతుకులు వేశాక ఒక రోజంతా ఆరనివ్వండి. తర్వాత గీజర్‌ను లైను నుంచి విడదీసి, ఎల్బోలకు ప్లగ్గులు బిగించి, చేతి టెస్టింగ్ పంపుతో ఐదారు కేజీల (సుమారు ఐదారు బార్‌ల) ప్రెషర్ ఎక్కించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకు పంపు మీటరు ముల్లు కిందికి దిగిందంటే ఎక్కడో కారుతోంది. అది దొరికేదాకా గాడి మూయనివ్వకండి. ‘ట్యాంకు నీళ్లు వదిలి చూశాం సార్, ఏం కారలేదు’ అంటారు. మూడడుగుల ప్రెషర్‌కు కారని అతుకు, రేపు పంపు పెట్టిననాడు గోడలో కారుతుంది. అప్పుడు పగలగొట్టాల్సింది కొత్త టైళ్లనే. టెస్టింగ్ పంపు లేదన్న ప్లంబరుకు ఈ పని ఇవ్వకండి.

మిగతావి త్వరగా అయిపోతాయి. పాత బాత్రూంలో టైళ్లు నాలుగడుగులే ఉంటే ఏడడుగుల దాకా వేయించండి, షవర్ తుంపర అంత ఎత్తు పడుతుంది. ఒక చెంబు నీళ్లు నేల మీద పోసి, అవి నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే రంధ్రం) వైపే పోతున్నాయా చూడండి. గుమ్మం వైపు వస్తే ముందు వాలు సరిచేయించండి. మిక్సర్ బిగించేటప్పుడు పానాకు గుడ్డ చుట్టండి, లేకపోతే క్రోమ్ మీద గీతలు పడతాయి. షవర్ తలను మాత్రం వెంటనే పెట్టొద్దు. ముందు లైను తెరిచి, పైపులో చేరిన ఇసుక, ప్లాస్టిక్ పొట్టు కొట్టుకుపోయి నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలి, ఆ తర్వాత బిగించండి.