వీపు మీది మొటిమలు: పెళ్లిళ్లు, ఎండలు మొదలయ్యేలోపు కొన్ని జాగ్రత్తలు

పోయిన నెల ఒక సాయంత్రం మా మందుల షాపుకు ఒక తల్లి, పెళ్లి కుదిరిన కూతురిని వెంటబెట్టుకొని వచ్చారు. ఆమె చేతిలో అడుగు నుంచి మూత దాకా చుట్ట చుట్టిన ఖాళీ ట్యూబు ఒకటి ఉంది. "ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వండి బాబూ, మొదట్లో భలే తగ్గింది, ఈ మధ్య ఎంత పూసినా తగ్గడం లేదు" అన్నారు. అమ్మాయి చున్నీ కొంచెం పక్కకు జరిపితే, భుజాల మీదంతా ఆవాలు చల్లినట్టు ఒకే సైజు ఎర్రటి పొక్కులు, చంక దగ్గర పలచబడిన చర్మం మీద ఎర్రటి చారలు కనిపించాయి. ఏదో షాపులో డాక్టరు చీటీ అడగకుండా చేతికిచ్చిన ఆ ట్యూబును మూడు నెలలుగా రోజుకు రెండుసార్లు పూస్తున్నారట. పొక్కులకు వైద్యం ఉంది కాని, ఆ చారలు రంగు తగ్గుతాయే తప్ప పూర్తిగా చెరిగిపోవు. ఆ మాట ఆ తల్లికి ఎలా చెప్పాలో తెలియక నేను కాసేపు ఆ ఖాళీ ట్యూబునే చూస్తూ ఉండిపోయాను.

ఫార్మసిస్టుగా నేను పనిచేస్తున్న ఈ పదిహేనేళ్లలో, పెళ్లిళ్లూ ఎండలూ కలిసి వచ్చే రోజుల్లో ఇలాంటి ట్యూబులు కౌంటరు మీదికి రాని ఏడాది లేదు. అందుకే ఇది రాస్తున్నాను. రోజూ స్నానం చేయాలని, చెమట బట్టలు మార్చుకోవాలని అందరికీ తెలిసినదే కనుక ఆ మాటలు మళ్లీ చెప్పను.

ముందు అది మొటిమేనా అని చూసుకోవాలి

ఛాతీ, వీపు, భుజాల మీద నూనె గ్రంథులు ఎక్కువగా ఉంటాయి. ఆ నూనె, రాలిపోవలసిన మృతకణాలు కలిసి వెంట్రుకల కుదుళ్లను మూసేసి, లోపల బాక్టీరియా పెరిగి వాచినప్పుడు మొటిమ పుడుతుంది. మన ఇళ్లలో దీనిని 'వేడి చేసింది' అని సరిపెట్టుకుంటాం. మజ్జిగ తాగడం ఒంటికి మంచిదే కాని, దానివల్ల మూసుకుపోయిన కుదురు తెరుచుకోదు. నిజమైన మొటిమల్లో బ్లాక్‌హెడ్స్, చీము పొక్కులు, లోపలి గడ్డలు కలగలిసి ఉంటాయి. అలా కాక అన్నీ ఒకే సైజులో ఉండి, బాగా దురద పెడుతూ, చెమట పట్టినకొద్దీ పెరుగుతుంటే, అది చాలాసార్లు మలసేజియా అనే ఫంగస్ వల్ల కుదుళ్లు వాచడమే అవుతుంది. దానికి యాంటీఫంగల్ మందు కావాలి. మొటిమలనుకొని యాంటీబయోటిక్ మాత్రలు మింగితే తగ్గకపోగా ఎక్కువవుతుంది. ఎండన పడి తిరిగాక సన్నగా లేచి, చల్లటి చోట ఉంటే సర్దుకొనేవి చెమటకాయలు. చంకల్లో, గజ్జల్లో పదే పదే గడ్డలు లేచి చీము కారుతుంటే అది వేరే జబ్బు కావచ్చు కనుక, సెగగడ్డలని ఊరుకోకుండా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి.

అసలు తప్పు జరిగేది ఇక్కడ

నేను చూసినంతలో ఒంటి మీది మొటిమలతో చర్మం పాడైపోయినవారిలో ఎక్కువమందిని పాడు చేసింది మొటిమ కాదు, చీటీ లేకుండా కొని పూసిన స్టెరాయిడ్ పూతమందు. తామరకు, దురదకు, మచ్చలకు, తెల్లబడడానికి అన్నింటికీ ఒకటే అని ఇచ్చే మిశ్రమ క్రీముల్లో చాలావాటిలో ఉండేది ఇదే. అది పూసిన రెండు మూడు రోజుల్లో ఎరుపు, వాపు అణిగిపోతాయి కనుక మందు పనిచేసిందనే నమ్మకం కలుగుతుంది. నిజానికి అది వాపును అణచిందే కాని కుదురును తెరవలేదు. వారాలు గడిచేకొద్దీ స్టెరాయిడే కొత్త పొక్కులను పుట్టిస్తుంది, ఫంగస్ ఉంటే దానికి అడ్డు లేకుండా చేస్తుంది, చర్మాన్ని పలచబరుస్తుంది. ఆపగానే ఒక్కసారిగా ఎగదన్నుతుంది. భయపడి మళ్లీ పూస్తారు, మళ్లీ అణుగుతుంది, ఇంకో ట్యూబు కొంటారు.

ట్యూబు మీది సన్నటి అక్షరాలను ఫోనులో ఫొటో తీసి పెద్దవి చేసి చదవండి. క్లోబెటసోల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చేతికి ఇచ్చేవారు ఉన్నారు కనుక, వద్దనవలసిన బాధ్యత మీ మీద కూడా పడుతోంది. పక్కింటివారికి తగ్గిందన్నా, పెళ్లి పది రోజుల్లో ఉందన్నా మొటిమల మీద స్టెరాయిడ్ పూయకండి.

మరి ఏం వాడాలంటే, తేలికపాటి మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్‌ను 2.5 నుంచి 5 శాతం బలంలో తీసుకొని, వీపుకు రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి శుభ్రంగా కడుక్కోవాలి. ఇది బట్టల రంగును తినేస్తుంది; తెల్ల తువ్వాలు మాత్రమే వాడండి, పట్టు జాకెట్టు దగ్గరికి రానివ్వకండి. మూసుకుపోయిన కుదుళ్లను తెరిచే అడాపలీన్ లాంటి పూతమందులను డాక్టరు చెబితే రాత్రిపూట పలచగా రాసుకోవాలి. ఏ వైద్యమైనా ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కనుక ముహూర్తం పెట్టుకున్న రోజే డాక్టరును కలవండి, శుభలేఖలు పంచేదాకా ఆగకండి.

మిగిలినవి తోచిన వరుసలో చెబుతున్నాను.

తలస్నానంలో ముందు జుట్టు కడిగి, ఆ తరువాత వీపు రుద్దుకోండి. కండిషనరు జిడ్డు వీపు మీదే మిగిలిపోతుంది.

మొటిమలున్న వీపుకు కొబ్బరినూనె మర్దనా చేయించుకోకండి.

పెళ్లికూతురిని చేసే రోజు నలుగు పెట్టేవారికి ముందే చెప్పండి. సున్నిపిండితో గట్టిగా రుద్దితే పగిలిన ప్రతి పొక్కూ మన చామనఛాయ మీద నెలల తరబడి నల్లమచ్చగా నిలుస్తుంది.

ఛాతీ, భుజాల మీది మొటిమను గిల్లకండి. ఉబ్బెత్తుగా పెరిగే కెలాయిడ్ మచ్చలు ఎక్కువగా వచ్చేది ఆ చోట్లలోనే.

టూత్‌పేస్టు, నిమ్మరసం, సున్నం పెట్టకండి.

జిమ్‌లో ఎవరైనా కండలు పెంచే ఇంజెక్షన్ ఇస్తామంటే వద్దనండి. అదీ హార్మోన్ స్టెరాయిడే, వీపు నిండా గడ్డలు లేపుతుంది. గడ్డలు పుండ్లుగా మారి, జ్వరం, కీళ్ల నొప్పులు వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. టీబీ, మూర్ఛ మందులు వాడుతున్నవారు ఆ చీటీ కూడా చూపించండి. వాటి వల్ల కూడా ఇలాంటి పొక్కులు రావచ్చు. వాటిని మీ అంతట మీరు ఆపకండి.

మొటిమలకు డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మాత్ర రాస్తే, దానిని గ్లాసు నిండా నీళ్లతో మింగి, వెంటనే పడుకోకండి. నెలల తరబడి మీ అంతట మీరు కొనసాగించకండి.

తీవ్రమైన మొటిమలకు డాక్టర్లు రాసే ఐసోట్రెటినోయిన్ మాత్ర కడుపులోని బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలిగిస్తుంది. వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తరువాత నెల పాటు గర్భం రాకూడదు. పెళ్లి దగ్గర పడిన అమ్మాయిలు ఈ మాటను సిగ్గుపడకుండా డాక్టరుతో మాట్లాడి తీరాలి. ఈ మాత్రను డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకోకూడదు.

స్నేహితురాలి చీటీతో మందు కొనకండి.

స్టెరాయిడ్ పూయకండి. ఇప్పటికే పూస్తున్నవారు మరో ట్యూబుకు మారకండి, మిగిలినది ఇంకొకరికి ఇవ్వకండి. ఖాళీ అయినా సరే, ఆ ట్యూబును పారేయకుండా సంచిలో వేసుకొని డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎప్పటి నుంచి, రోజుకు ఎన్నిసార్లు పూశారో దాచకుండా చెప్పండి.