అరుదైన డేగ కనిపిస్తే: పేరు పెట్టే ముందు ఏం చూడాలి, ఏం రాసుకోవాలి

తెలియని డేగ కనబడగానే చేయి గబుక్కున పుస్తకం మీదికి పోతుంది. నేను మాత్రం పుస్తకాన్ని బ్యాగులోంచి తీయను. ఒకసారి బొమ్మ చూశామంటే, పిట్టలో లేనివి కూడా ఉన్నట్టే అనిపిస్తాయి. అది ఎదురుగా ఉన్నంతసేపూ బైనాక్యులర్స్ దించకుండా, చూసింది చూసినట్టు ఫోన్లో చెప్పుకుంటూ పోతాను: "గొంతు మీద నిలువు గీత లేదు, పొట్ట నిండా అడ్డచారలు, కన్ను పసుపు." అది ఎగిరిపోయాక విని నోట్‌బుక్‌లో ఎక్కిస్తాను. టైము, వెలుతురు ఎటునుంచి పడింది, ఎంత దూరం, ఎంతసేపు చూశాను, ఇవీ అక్కడే రాసేస్తాను.

సైజును నమ్ముకోవద్దు. డేగల్లో ఆడది మగదానికంటే పెద్దది. పైగా ఖాళీ ఆకాశంలో ఒంటరి పిట్ట ఎంతుందో ఎవరూ చెప్పలేరు. కాకులు తరుముతుంటే మాత్రం అదృష్టమే, పక్కన కొలత దొరికినట్టు.

నేను అన్నిటికంటే ఎక్కువ టైము పెట్టేది రెక్క కొనల మీద. ఎగురుతున్నప్పుడు అక్కడ ఈకలు వేళ్లలా విడివిడిగా కనిపిస్తాయి. మామూలుగా కనిపించే డేగ శిక్రాకూ, దాన్ని పోలి ఉండే బెస్రాకూ అవి ఐదు, ఇంకో డేగ జాతి యురేషియన్ స్పారోహాక్‌కు ఆరు. ఈకలు రాలే కాలమైతే ఒకటి తక్కువ కనబడొచ్చు కాబట్టి రెండు రెక్కలూ లెక్కపెట్టాలి. తర్వాత గొంతు. బెస్రాకు నడిమధ్యన నల్లటి గీత లావుగా, కొట్టొచ్చినట్టు ఉంటుంది, శిక్రాకు సన్నగా ఉంటుంది, స్పారోహాక్‌కు ఉండదు. చాలామంది తికమకపడేది పిల్ల శిక్రాతో. దాని గొంతు గీత కాస్త ముదురుగానే ఉంటుంది, ఛాతీ మీద నిలువు మరకలూ ఉంటాయి, దాంతో బెస్రా అనేస్తారు. అందుకే పిల్లదా పెద్దదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఫోటో అందంగా రానక్కర్లేదు. బర్స్ట్ మోడ్‌లో వరసగా కొట్టండి, ఏదో ఒక ఫ్రేములో రెక్కలు పూర్తిగా విచ్చుకుని దొరుకుతాయి. తెల్లటి ఆకాశం ముందు పిట్ట నల్లగా పడిపోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోండి. అసలు ఫైలును అలాగే దాచండి. ఏఐ యాప్‌లతో పదును పెట్టించవద్దని బతిమాలుతున్నాను. అవి లేని చారలు గీస్తాయి, ఇక ఆ ఫోటో సాక్ష్యంగా పనికిరాదు. అరుపు వినిపిస్తే రికార్డ్ చేయండి.

చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో అరుదైన పేరు ఎక్కిస్తే వివరాలు అడుగుతుంది, ఆ ప్రాంతపు వాలంటీర్ రివ్యూయర్లు చూస్తారు. అక్కడ "స్పష్టంగా చూశాను" అంటే సరిపోదు. మామూలు జాతి ఎందుకు కాదో రాయాలి: "రెండు రెక్కలకూ ఆరేసి వేళ్లు, గొంతు గీత లేదు, కాబట్టి శిక్రా కాదు." వేళ్లు లెక్కకు అందకపోతే జాతి పేరు వదిలేసి డేగ అని మాత్రం నమోదు చేయండి, అదీ పనికొచ్చే రికార్డే.

గూడు కనబడితే దగ్గరికి వెళ్లకండి, దాని అరుపు ప్లే చేయకండి. ఆ చోటు ఎక్కడో పబ్లిక్‌గా పెట్టకండి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఫోటోలు కూడా మీ దగ్గరే ఉండనివ్వండి.